చేప ఎంత పెద్దది? దిద్దాల్సింది మాటనా, లెక్కనా?

క్లుప్తంగా: గాలానికి పడ్డ చేపను పెంచి చెప్పడం ఏ దేశంలోనైనా ఉన్న అలవాటే. అందులో కొంత కంటి పొరపాటు, కొంత జ్ఞాపకం చేసే పని, కొంత కావాలని చేర్చేది. దాన్ని దిద్దాలా వద్దా అన్నది ఎంత పెంచారన్న దానికన్నా, ఆ అంకె తర్వాత ఎక్కడికి చేరుతుందన్న దాని మీద ఎక్కువగా ఆధారపడుతుంది. కబుర్లలో ఆగిపోయే అంకెకూ, బహుమతికో రికార్డుకో అమ్మకానికో శాస్త్రవేత్తల పట్టికకో చేరే అంకెకూ ఒకే నియమం పనికిరాదు.

చెరువు గట్టు నుంచి తిరిగొచ్చిన మనిషి రెండు చేతులూ చాచి "ఇంత ఉంది" అని చూపిస్తాడు. ఆ అరచేతుల మధ్య దూరం అసలు చేప కన్నా ఓ బెత్తెడు ఎక్కువే ఉంటుంది. విన్నవారిలో ఒకరు నవ్వి ఊరుకుంటారు. ఒకరు "అంత లేదులే" అంటారు. మూడో మనిషి అప్పటికే ఫోటో తీసి నలుగురికీ పంపేసి ఉంటాడు.

వీరిలో ఎవరు చేసింది సరి? చేపల వేట సరదాగా ఉన్నవారిలో ఈ ప్రశ్న మీద ఎప్పుడూ రెండు పక్షాలుంటాయి. సరదా మాటను పట్టుకుని నిలదీయడం మర్యాద కాదంటుంది ఒక పక్షం. చిన్న అబద్ధాన్ని వదిలేస్తే పెద్దది తయారవుతుందంటుంది రెండోది. రెండు వాదనలూ చేప పట్టిన మనిషి స్వభావం చుట్టూ తిరుగుతాయి. తేల్చుకోవాలంటే ముందు ఆ బెత్తెడు ఎలా వచ్చి చేరిందో చూడాలి.

పొడవులో పావు, బరువులో రెట్టింపు

చేప పొడవుకూ బరువుకూ మధ్య సంబంధం సూటిగా ఉండదు. చేప పెరిగేటప్పుడు పొడవుతో పాటు ఎత్తూ మందమూ పెరుగుతాయి. అందుకే బరువు సుమారుగా పొడవు ఘనాన్ని అనుసరిస్తుంది. మత్స్యశాస్త్రంలో వాడే పొడవు-బరువు సూత్రంలో ఘాతాంకం చాలా జాతులకు 3కు దగ్గరగానే ఉంటుంది.

దీని ఫలితం చాలామంది ఊహించనిది. 40 సెంటీమీటర్ల చేపను 50 సెంటీమీటర్లని చెబితే పొడవులో పెంచింది నాలుగో వంతు. బరువులో అది దాదాపు రెట్టింపు. పొడవును పది శాతం పెంచితే బరువు 33 శాతం పెరుగుతుంది. ఇరవై శాతం పెంచితే 73 శాతం. చేతులు కాస్త ఎడంగా పెట్టిన మనిషి తనకు తెలియకుండానే కిలో చేపను రెండు కిలోలు చేస్తున్నాడు.

ఇదే లెక్క తిరగేస్తే ఇంకో సంగతి తేలుతుంది. బరువును రెట్టింపు చేసి చెప్పినా ఆ చేప కంటికి పావు వంతు ఎక్కువ పొడవుగా ఉంటే సరిపోతుంది. అందుకే బరువు మీద చెప్పే అబద్ధం సులువుగా నిలుస్తుంది, పొడవు మీద చెప్పేది త్వరగా దొరికిపోతుంది. "నాలుగు కిలోలు" అంటే ఎవరూ కాదనరు. అదే చేపను "మూడు అడుగులు" అంటే పక్కన నిలబడ్డవాడు కాలి పక్కన పెట్టి చూస్తాడు.

మన పాత కొలతలు ఈ తేడాను ఇంకా పెంచేవి. జాన, మూర, బార అన్నీ మనిషి ఒంటి కొలతలే. మోచేతి నుంచి నడివేలి కొన దాకా ఒకరికి 42 సెంటీమీటర్లుంటే ఇంకొకరికి 48 ఉంటుంది. ఇద్దరూ నిజాయితీగానే "మూరెడు చేప" అన్నారనుకుందాం. ఆ రెండు చేపల బరువుల మధ్య ఒకటికి ఒకటిన్నర రెట్ల తేడా ఉంటుంది. ఇక్కడ అబద్ధం ఎవరూ ఆడలేదు.

అబద్ధం లేకుండానే పెరిగే చేప

పెంచి చెప్పే ప్రతి మాటా మోసం కాదు. కొంత పెరుగుదల చేప నీటిలో ఉండగానే మొదలవుతుంది.

నీటి వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె, 1.33. పైనుంచి నిటారుగా చూస్తే మీటరు లోతున ఉన్న చేప 75 సెంటీమీటర్ల లోతునే ఉన్నట్టు కనిపిస్తుంది. కన్ను నీటికి అర మీటరు ఎత్తులో ఉంటే ఆ చేప ఉండాల్సిన దానికన్నా దాదాపు 20 శాతం పెద్దదిగా తోస్తుంది. పొడవులో 20 శాతం అంటే బరువులో ఎంతో పైన చూశాం. ఒడ్డున కూర్చున్న మనిషి మనసులో చేప కొలత అప్పుడే ముద్ర పడిపోతుంది. చేప ఒడ్డుకు వచ్చాక కూడా ఆ ముద్ర పూర్తిగా చెరగదు.

రెండోది గాలపు దారం చెప్పే లెక్క. నీటిలో చేపకు బరువు దాదాపు ఉండదు. తేలే శక్తి దాన్ని మోస్తుంది. చేతికి తెలిసేది చేప లాగే బలం, దానికి తోడు ప్రవాహం లాగే బలం. ఏటి వాలులో అడ్డం తిరిగిన కిలోన్నర చేప, నిలకడ నీటిలో అలసిపోయిన మూడు కిలోల చేప కన్నా గట్టిగా లాగవచ్చు. చేతిలో బద్ద వంగిన తీరును బట్టి బరువు చెప్పేవాడు నిజానికి చేప చేసిన పోరాటాన్ని తూస్తున్నాడు.

ఇక తెగిపోయిన దారంతో పాటు వెళ్లిపోయిన చేప. "చచ్చినవాడి కళ్లు చారెడు" అని మన సామెత. దక్కని చేపకు కొలబద్ద పెట్టే అవకాశమే లేదు. మిగిలింది చేతికి తెలిసిన లాగుడు, నీటి కింద మెరిసిన పక్క, అది పోయిందన్న బాధ. మూడూ ఒకే వైపు తోస్తాయి. ఆపైన, పెద్ద చేపలే దారం తెంపుకునే అవకాశం నిజంగానే ఎక్కువ. తప్పించుకున్న చేప పెద్దదన్న మాటలో అతిశయం ఎంతున్నా, దాని వెనక ఒక నిజం కూడా ఉంది.

కొలిచే పద్ధతిలోనూ తేడాలున్నాయి. చేప పొడవును మూతి నుంచి తోక చీలిక వరకు కొలవడం ఒక పద్ధతి, తోక చివరి దాకా కొలవడం ఇంకొకటి. తోక రెక్కలను దగ్గరికి నొక్కి కొలిస్తే ఇంకాస్త కలుస్తుంది. చీలిక తోక ఉన్న బొచ్చె, శీలావతి లాంటి చేపల్లో ఈ తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఏ పద్ధతిలో కొలిచారో చెప్పకుండా ఇద్దరు వాదించుకుంటే ఆ వాదన తెగదు.

వీటన్నిటికన్నా ఇప్పుడు ఎక్కువగా పనిచేస్తున్నది ఫోన్ కెమెరా. ఫోటో తీసే మనిషికి మీటరున్నర దూరంలో ఒకరు నిలబడి, చేపను అర మీటరు ముందుకు చాచి పట్టుకుంటే ఆ చేప కెమెరాకు మీటరు దూరంలోనే ఉంటుంది. మనిషితో పోలిస్తే అది ఒకటిన్నర రెట్లు పొడవుగా కనిపిస్తుంది. చూసేవారు మనిషి ఒంటితో పోల్చి కొలత ఊహించుకుంటారు కాబట్టి, ఆ ఫోటో బరువును మూడు రెట్లకు పైగా పెంచినట్టే. పట్టుకున్న వేళ్లు చేప వెనక దాగి ఉంటే పోల్చుకోవడానికి ఏ ఆధారమూ ఉండదు. నోటితో ఒక్క అంకె కూడా చెప్పకుండానే పని జరిగిపోతుంది.

వినేవాళ్లు తీసే తరుగు

మార్కెట్ యార్డులో ధాన్యానికి తరుగు తీసినట్టు, చేపల కబుర్లు వినేవాళ్లు కూడా మనసులో కొంత తీసేసి వింటారు. ఏళ్లుగా కలిసి గాలం వేసేవారి మధ్య ఈ తరుగు ఎంతో అందరికీ తెలుసు. ఫలానా మనిషి మూడు కిలోలంటే రెండున్నర, ఇంకో మనిషి మూడంటే మూడే. అలాంటి చోట పెంచి చెప్పిన అంకె ఎవరినీ మోసం చేయదు. మన అలంకార శాస్త్రంలో అతిశయోక్తికి అలంకారంగా చోటుంది. చెప్పేవారికీ వినేవారికీ మధ్య ఒప్పందం ఉన్నప్పుడే అది అలంకారం అవుతుంది. కవి కొండంత అంటే ఎవరూ కొలవరు.

అబద్ధానికి మినహాయింపులు వెతకడం మన దగ్గర పాత విషయమే. బలి చక్రవర్తికి శుక్రాచార్యుడు ఒక జాబితా చెబుతాడు. ఆడవారి విషయంలో, పెళ్లిళ్లలో, ప్రాణానికో ధనానికో మానానికో ముప్పు వచ్చినప్పుడు, భయపడ్డ గోవునూ విప్రుణ్నీ కాపాడేటప్పుడు బొంకవచ్చంటాడు. ఆ జాబితాలో ఉన్నది పోబోయే మానాన్ని నిలుపుకోవడం. లేని ఘనతను తెచ్చుకోవడం అందులో లేదు. చేప పట్టినవాడు చేసేది ఈ రెండోదే. పైగా బలి ఆ సలహాను తీసుకోలేదు.

తరుగు లెక్క ఒక్క చోట దెబ్బతింటుంది. గుంపులో అందరూ పావు వంతు పెంచుతారన్న అంచనా స్థిరపడితే, ఉన్నదున్నట్టు చెప్పినవాడి చేపకు కూడా పావు కోత పడుతుంది. నిజం చెప్పినందుకు నష్టపోయేది అతనే. అప్పుడు అతనూ కొంచెం కలపడం మొదలుపెడతాడు, వినేవాళ్లు తరుగు పెంచుతారు. డబ్బు విలువ పడిపోయినట్టే మాట విలువ పడిపోతుంది. చేప పట్టిన ఆనందాన్ని పంచుకోవడానికి చెప్పిన మాటను ఎవరూ పట్టించుకోని స్థితి వస్తుంది. ఇది చిన్న నష్టమేమీ కాదు. గట్టు మీద గంటలు గంటలు కూర్చునే సరదాలో సగం సంతోషం తిరిగొచ్చి చెప్పడంలోనే ఉంది.

మాట ఊరు దాటితే తరుగు దానితో పాటు వెళ్లదు. నలుగురు మిత్రుల మధ్య అన్న "ఐదు కిలోలు" ఫోటోతో కలిసి వందల మందికి చేరినప్పుడు, వారిలో ఎవరికీ ఆ మనిషి అలవాటు తెలియదు. కొత్తగా గాలం పట్టిన పిల్లలకు కూడా తెలియదు. అక్కడి నుంచి అది అలంకారం కాదు, వార్త.

అంకె పుస్తకంలోకి ఎక్కితే

2022 సెప్టెంబరు 30న అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో, ఎరీ సరస్సు మీద జరిగే వాలై చేపల పోటీ ఫలితాలు ప్రకటిస్తున్నారు. ఒక జంట తెచ్చిన ఐదు చేపలు కాటా మీద 33.91 పౌండ్లు తూగాయి. అంటే పదిహేను కిలోలకు పైమాటే. పోటీ నిర్వాహకుడు ఆ చేపల పొడవు చూశాడు. ఆ పొడవున్న వాలై ఒక్కొక్కటి నాలుగు పౌండ్ల దగ్గర ఉండాలి, ఐదూ కలిపి ఇరవై. అనుమానం వచ్చి పొట్ట కోసి చూస్తే సీసం గుండ్లు, వేరే చేపల మాంసపు ముక్కలు బయటపడ్డాయి. గెలిచి ఉంటే ఆ జంటకు దక్కేది 28 వేల డాలర్లకు పైగా. 2023లో ఇద్దరూ కోర్టులో నేరం ఒప్పుకున్నారు. పది రోజుల జైలు, జరిమానా, మూడేళ్ల పాటు చేపల వేట లైసెన్సు రద్దు, పడవ స్వాధీనం శిక్షగా పడ్డాయి.

వారిని పట్టించింది పైన చెప్పుకున్న ఘనం లెక్కే. బరువును పెంచగలిగారు గానీ పొడవును పెంచలేకపోయారు.

ఇక్కడ పెంచిన ప్రతి పౌండూ పక్కనున్న పోటీదారు జేబులోంచి వచ్చేదే. అందుకే దీన్ని ఎవరూ సరదా అనరు. టెక్సాస్ రాష్ట్రంలో 10 వేల డాలర్లు లేదా అంతకన్నా ఎక్కువ బహుమతి ఉన్న చేపల పోటీలో మోసం చేస్తే అది తీవ్ర నేరాల కోవలోకి వస్తుంది.

అమెరికాలో స్థిరపడి వారాంతాల్లో గాలం వేసే తెలుగువారికి పోటీలతో పని లేకపోయినా ఒక కొలతతో పని ఉంటుంది. టెక్సాస్‌లో చాలా జలాశయాల్లో లార్జ్‌మౌత్ బాస్ అనే మంచినీటి చేప కనీసం 14 అంగుళాలుంటేనే ఉంచుకోవాలి. పదమూడు అంగుళాల చేపను పద్నాలుగుగా చూడటానికి కంటిలో ఎనిమిది శాతం పొరపాటు చాలు. ఇంట్లో చెప్పుకునే కబురులో ఆ అంగుళానికి విలువ లేదు. చేప సంచిలో ఉండి, అధికారి చేతిలో కొలబద్ద ఉంటే అదే అంగుళం జరిమానా అవుతుంది.

మన దగ్గర అంకె డబ్బుగా మారే చోటు చేపల రేవు, చేపల బజారు. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న గోదావరి సీమలో, వరద నీరు వచ్చే రోజుల్లో పులస ధర చాలాసార్లు చేప లెక్కనే ఉంటుంది. పెద్ద చేపకు కిలో ధర కూడా ఎక్కువే పలుకుతుంది. రెండు కిలోలకు దగ్గరపడిన చేపను "రెండు దాటింది" అంటే కొనేవారు రెండుసార్లు నష్టపోతారు. ఒకటి లేని బరువుకు, రెండోది లేని తరగతికి. 2009 నాటి తూనికలు కొలతల చట్టం ముద్ర వేసిన కాటా మీద తూచమని అడిగే అవకాశం ఇచ్చింది అందుకే. ఇక్కడ దిద్దడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

రికార్డుల సంగతి వేరు. ప్రపంచ రికార్డులను నమోదు చేసే అంతర్జాతీయ క్రీడా చేపల సంఘం, అంటే ఐజీఎఫ్ఏ, 1939లో ఏర్పడింది. లార్జ్‌మౌత్ బాస్‌లో ప్రపంచ రికార్డు జార్జ్ పెర్రీది. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో పట్టిన ఆ చేప 22 పౌండ్ల 4 ఔన్సులు. 2009 జులై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనబు కురిత పట్టిన చేప దానికన్నా దాదాపు 27 గ్రాములు ఎక్కువ తూగింది. అయినా పాత రికార్డు చెరిగిపోలేదు. 25 పౌండ్లకు లోపు చేపల్లో పాతదాన్ని కనీసం రెండు ఔన్సులు, అంటే 57 గ్రాములు మించితేనే కొత్త రికార్డు అన్నది నియమం. కురితకు అబద్ధ నిర్ధారణ పరీక్ష కూడా చేసి, చివరకు ఇద్దరికీ సమానంగా రికార్డు ఇచ్చారు. ఆ నియమం వెనక ఆలోచన గమనించదగినది. కాటాలో, తడిలో, కొలిచే చేతిలో ఉండే చిన్న తేడాలను గెలుపుగా లెక్కించకూడదని ముందే నిర్ణయించుకున్నారు. మనుషులు అబద్ధమాడతారన్న అనుమానం ఒక్కటే కాక, కొలతలో పొరపాటు సహజమన్న ఒప్పుకోలు కూడా అందులో ఉంది.

తప్పుగా దిద్దితే

దిద్దేవాడు ఎప్పుడూ ఒప్పే అని అనుకోవడానికి లేదు. దీనికి డేవిడ్ హేస్ ఉదంతం పెద్ద ఉదాహరణ. 1955 జులై 9న అమెరికాలోని డేల్ హాలో సరస్సులో ఆయన 11 పౌండ్ల 15 ఔన్సుల స్మాల్‌మౌత్ బాస్ పట్టాడు. ప్రపంచ రికార్డు అయింది. ఆ ఏడాదే ఒక రేవు పనివాడు, చేప బరువు పెంచడానికి లోపల లోహపు ముక్కలు పెట్టానని ప్రమాణ పత్రం రాసిచ్చాడు. ఆ కాగితం నాలుగు దశాబ్దాల పాటు ఎవరి దృష్టికీ రాలేదు. వెలుగులోకి వచ్చాక 1996లో రికార్డు రద్దయింది. ఆ తర్వాత మళ్లీ విచారణలు జరిగాయి, ఆ ప్రమాణ పత్రం నమ్మదగినది కాదని తేలింది. దశాబ్దం నిండవస్తుండగా రికార్డును తిరిగి ఆయనకే ఇచ్చారు.

నలభై ఏళ్ల పాటు ఉన్న పేరు ఒక కాగితంతో పోయింది. తిరిగి రావడానికి ఏళ్లు పట్టాయి. పెంచి చెప్పాడన్న ఆరోపణకు కూడా పెంచి చెప్పిన కొలతకు కావలసినంత రుజువే కావాలి. విస్కాన్సిన్‌లో 1949లో పట్టిన 69 పౌండ్ల 11 ఔన్సుల మస్కీ చేప మీద 2005లో ఇలాంటి వివాదమే లేచింది. పాత ఫోటోల్లోని కోణాలను లెక్కగట్టి ఆ చేప అంత లేదని ఒక బృందం వాదించింది. ఆ రికార్డును నమోదు చేసిన హేవర్డ్‌లోని మంచినీటి చేపల వేట సంస్థ దాన్ని అలాగే ఉంచింది. ఐజీఎఫ్ఏ గుర్తించే మస్కీ రికార్డు వేరొకరిది. ఒకే జాతి చేపకు రెండు సంస్థల దగ్గర ఇద్దరు విజేతలు నేటికీ ఉన్నారు. చేప తిరిగి రాదు, కాటా మీద మళ్లీ పెట్టలేరు కాబట్టి, ఏళ్లు గడిచాక చేసే దిద్దుబాటు ఎంత శాస్త్రీయంగా ఉన్నా వాదనగానే మిగులుతుంది.

శాస్త్రానికి చేరే కొలతలు

కావేరిలో మూపురపు మహసీర్ అనే పెద్ద చేప ఉంది. దాని ఉపనది కబినిలో 1946లో 120 పౌండ్ల చేప గాలానికి పడినట్టు రికార్డు ఉంది. అంటే 54 కిలోలు. ఈ చేప ఇప్పుడు తీవ్రంగా అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. చిత్రమేమంటే, ఇంత పేరున్న చేపకు సరైన శాస్త్రీయ నామం ఏదో 2018 దాకా తేలలేదు. ఆ ఏడాది దాన్ని టార్ రెమదేవిగా గుర్తించారు.

దాని సంఖ్య తగ్గిపోతోందని తెలిసింది ఎలా? కర్ణాటకలోని గాలిబోరె శిబిరంలో 1998 నుంచి 2012 వరకు గాలం వేసినవారు రాసుకున్న పుస్తకాల ద్వారా. ఎన్ని గంటలు గాలం వేశారు, ఎన్ని చేపలు పడ్డాయి, ఎంత బరువు అన్నవి ఆ పుస్తకాల్లో ఉన్నాయి. పట్టిన చేపలను మళ్లీ నదిలో వదిలేశారు. ఆరు వేలకు పైగా చేపల వివరాలను పరిశోధకులు లెక్కగట్టారు. గంటకు పడే చేపల సంఖ్య పెరిగింది, ఒక్కో చేప సగటు పరిమాణం తగ్గింది. బయటి నుంచి తెచ్చి వదిలిన నీలి రెక్కల మహసీర్ పెరిగి, స్థానికమైన మూపురపు మహసీర్ అరుదైపోయింది. ప్రభుత్వ సర్వే ఏదీ లేని చోట ఈ సంగతి చెప్పింది గాలం వేసినవారి పుస్తకాలే.

ఇలాంటి పుస్తకంలో పెంచి రాస్తే ఏమవుతుంది? జవాబు కాస్త ఆశ్చర్యంగా ఉంటుంది. అందరూ, అన్ని సంవత్సరాల్లోనూ ఒకే పాళ్లలో పెంచితే పెద్ద నష్టం లేదు. ప్రతి అంకె మీదా పది శాతం ఎక్కువున్నా, పెరుగుతోందా తగ్గుతోందా అన్న గీత అలాగే ఉంటుంది. ప్రమాదం పెంచే పాళ్లు కాలంతో మారినప్పుడే. చేపలు చిన్నవవుతున్న కొద్దీ గొప్పగా చెప్పాలన్న తపన పెరిగితే, చెప్పే అంకె నిలకడగా ఉండి, నీటిలో చేప తగ్గిపోతూ ఉంటుంది. పట్టికలో అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. కెమెరాలూ ఫోటో పోటీలూ పెరిగిన ఈ కాలంలో ఇది ఊహించి చెప్పే భయం కాదు, లెక్కల్లో చూసుకోవాల్సిన విషయం.

అమెరికాలో సముద్రపు చేపల వేట లెక్కలు తీసే ప్రభుత్వ విభాగం ఈ సమస్యను కొంత పద్ధతితో తగ్గిస్తుంది. రేవు దగ్గర సిబ్బంది నిలబడి, ఒడ్డుకు తెచ్చిన చేపలను తామే కొలుస్తారు. నీటిలో వదిలేసిన చేపల విషయంలో మాత్రం చెప్పిన మాటే ఆధారం. రెండింటినీ వేర్వేరు వర్గాలుగా రాస్తారు. అయినా మాట మీద ఆధారపడే లెక్క ఎంత సున్నితమైనదో 2023లో అదే విభాగం వెల్లడించిన అధ్యయనం చూపింది. ఎన్నిసార్లు వేటకు వెళ్లారని అడిగే పత్రంలో ప్రశ్నల వరుస మార్చితే అంచనాలు చాలావరకు 30 నుంచి 40 శాతం తక్కువ వచ్చాయి. జవాబిచ్చినవారు అబద్ధాలకోరులు కారు. ఏది ముందు అడిగారో దాన్ని బట్టి జ్ఞాపకం వేరుగా పలికింది.

అడిగే తీరు

దిద్దడమంటే కాదనడమే కానక్కర్లేదు. "అంత లేదులే" అన్న మాట మనిషి మీదికి వెళ్తుంది. నలుగురి ముందు, అందులోనూ అల్లుడి ముందు మామను, తమ్ముడి ముందు అన్నను అలా అంటే, ఆయన తన అంకె మీద ఇంకా గట్టిగా నిలబడతాడు. వెనక్కి తగ్గే దారి మూసుకుపోయింది కాబట్టి. "దేంతో తూచావన్నా?" అన్న ప్రశ్న చేప మీదికి వెళ్తుంది. తూచి ఉంటే చెబుతాడు. లేకపోతే "తూచలేదు, ఉంటుందనుకున్నా" అని తనే సడలిస్తాడు. కబుర్ల దగ్గర అంతకు మించి అవసరం లేదు.

అంకె కబుర్లు దాటి వెళ్లే చోట ఆ ప్రశ్న చేప పడకముందే అడగాలి. పోటీ నియమాల్లో, శిబిరం పుస్తకంలో, కొనుగోలు దగ్గర. గీతలు గీసిన చెక్క పలక మీద చేపను పడుకోబెట్టి ఫోటో తీయడం అందుకే వాడుకలోకి వచ్చింది. మూతి ఒక అంచుకు ఆనుతుంది, తోక ఒక గీత మీద పడుతుంది, చేయి చాచడానికి చోటుండదు. పట్టి వదిలేసే చేపలకు ఐజీఎఫ్ఏ పొడవు రికార్డులు ఇస్తున్నది ఇలాంటి పలక మీదే. కాటా లేనప్పుడు ఇంకో దారి ఉంది. బాస్ లాంటి ఆకారమున్న చేపకు పొడవును, నడుము చుట్టుకొలత వర్గాన్ని సెంటీమీటర్లలో గుణించి 29,000తో భాగిస్తే కిలోల్లో బరువు సుమారుగా వస్తుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 36 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉంటే రెండు కిలోల ఏడు వందల గ్రాముల దగ్గర. పొడవైన వాలుగకో గుండ్రని కొర్రమీనుకో ఇది అంత సరిగ్గా కుదరదు. అయినా చేతులు చాచి చెప్పేదానికన్నా చాలా దగ్గర.

తాతలు చెప్పిన చేపలు

పెంచి చెప్పే అలవాటు గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువగా మర్చిపోయే నష్టం ఒకటుంది. నిజమైన పెద్ద చేపలను నమ్మకపోవడం.

1995లో డేనియల్ పాలీ అనే మత్స్య శాస్త్రవేత్త ఒక చిన్న వ్యాసం రాశాడు. ప్రతి తరమూ తాను వృత్తిలోకి వచ్చినప్పుడు చూసిన చేపలనే మామూలు స్థితిగా అనుకుంటుందని, అంతకు ముందు తరం చెప్పినవి కథలుగా కొట్టేస్తుందని, అలా మామూలు అన్నదే మెల్లగా కిందికి జరిగిపోతుందని వివరించాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణ తన సహచర శాస్త్రవేత్త తాతది. 1920ల్లో డెన్మార్క్ దగ్గరి కాటెగాట్ సముద్రంలో వల వేస్తే పెద్ద పెద్ద ట్యూనాలు చిక్కుకుని వలను పాడుచేస్తున్నాయని ఆ తాత విసుక్కునేవాడట. అప్పట్లో వాటిని కొనేవారు కూడా లేరు. శాస్త్రీయ పట్టికల్లో అలాంటి మాటలకు చోటుండదు.

ఆ చోటును ఒక పరిశోధన ఫోటోలతో నింపింది. అమెరికాలోని కీ వెస్ట్‌లో, సరదా వేటకు వెళ్లొచ్చిన పడవలవారు ఆ రోజు పడ్డ పెద్ద చేపలను ఒక బోర్డుకు వేలాడదీసి ఫోటో దిగడం ఆచారం. లోరెన్ మెక్‌క్లెనహాన్ 1956 నుంచి 2007 వరకు ఉన్న ఫోటోల్లోని చేపలను కొలిచి, 2009లో ఫలితాలు ప్రచురించారు. సగటు చేప బరువు 19.9 కిలోల నుంచి 2.3 కిలోలకు పడిపోయింది. పొడవు సగమైతే బరువు ఎనిమిదో వంతు అవుతుందన్న ఘనం లెక్క ఇక్కడా కనిపిస్తుంది. 1950ల్లో ఆ రేవులో నిలబడ్డ మనిషి తన మనవడితో "మనిషంత చేపలు పడేవి" అని చెప్పి ఉంటే, మనవడు తరుగు తీసే విని ఉంటాడు. తాత పెంచి చెప్పలేదు.

గోదావరి, కృష్ణా ఒడ్డున వేటలో వయసు మళ్లినవారు ఇలాంటివి ఎన్నో చెబుతారు. బల్లకట్టు మీద పట్టనంత వాలుగ, వీశల్లో తూచిన బొచ్చె. వీశ అంటే ఇప్పటి లెక్కలో ఒక కిలో నాలుగు వందల గ్రాములు. పది వీశలంటే పద్నాలుగు కిలోలు. ఆ మాటల్లో ఎంత పెరిగిందో ఎంత నిజమో ఇప్పుడు కాటా పెట్టి తేల్చలేం. ఏ ఏడు, ఏ రేవు, వరదకు ముందా తర్వాతా, వీశల్లో తూచింది ఎవరు, ఎవరికి అమ్మారు అని అడిగి రాసుకోవడం మాత్రం సాధ్యమే. ఒకే రేవులో పదిమంది విడివిడిగా ఒకే కొలత చెబితే దాన్ని గొప్పలుగా కొట్టేయడం కష్టం. చెప్పగలిగినవారు ఎనభై దాటి ఉన్నారు. వారి దగ్గర ముందు రాసుకోవాలి, తరుగు సంగతి తర్వాత.